పట్టాల మీద నీలమ్మ

హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌కు ఇంకా పేరు బోర్డు పెట్టని రోజుల నుంచీ నీలమ్మకు ఆ జాగా తెలుసు. మక్తల్ దగ్గరి పల్లె నుంచి మేస్త్రీ వెంట వచ్చిన కూలీల గుంపులో ఆమె, ఆమె పెనిమిటి రాజయ్య ఉన్నారు. అప్పుడక్కడ ఎటు చూసినా గుండ్లే, మనిషెత్తు బండరాళ్ళు. బొంబాయి బండ్లు ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోయేవి. గుండ్లు పగలగొట్టి, నేల చదును చేసి ప్లాట్‌ఫారం లేపుతుంటే నీలమ్మ తట్టలకు తట్టలు మట్టి మోసింది.

2003లో లోకల్ రైళ్ళు మొదలయ్యాక మేస్త్రీ మిగతా వాళ్ళను ఇంకో పనికి తోలుకుపోయాడు. నీలమ్మ మాత్రం స్టేషన్ ఊడ్చే కాంట్రాక్టు పనిలో కుదిరింది. కూతురు జ్యోతిని దగ్గరి బడిలో వేసింది. ఆ మరుసటేడే రాజయ్య కామెర్లతో పోయాడు. స్టేషన్ వెనక బస్తీలో రేకుల ఇల్లు, పొద్దున చీపురు, సాయంత్రం చీపురు. అట్లా ఆమె బతుకు స్టేషన్‌కు అతుక్కుపోయింది.

మొదట్లో స్టేషన్‌కు ఎవరూ పెద్దగా వచ్చేవాళ్ళు కారు. రైలు వచ్చి ఆగితే నలుగురు దిగేవాళ్ళు, ఇద్దరు ఎక్కేవాళ్ళు. కుక్కలు నిమ్మళంగా పడుకునేవి. ఆ తర్వాత మాదాపూర్‌లో ఒక్కో అద్దాల బిల్డింగు లేస్తున్నకొద్దీ జనం పెరిగారు. లింగంపల్లి వైపు నుంచి, సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన బండ్లు మెడలో కార్డులు వేసుకున్న పిల్లలను కుప్పలు కుప్పలుగా దింపేవి. బయట షేర్ ఆటోల వాళ్ళు "సైబర్ టవర్స్, శిల్పారామం, కొండాపూర్" అని గొంతులు చించుకునేవాళ్ళు. టికెట్ కిటికీ ముందు వరస మెట్లదాకా పాకేది. మైకులో మూడు భాషల్లో వచ్చే మాటలు నీలమ్మకు నోటికొచ్చాయి. ఇంగ్లీషు మాటకు అర్థం తెలియకపోయినా, ఏ బండి ఆలస్యమో గొంతు విని చెప్పేది. ఎవరైనా ఆదరాబాదరాగా వచ్చి "అక్కా, ఫలక్‌నుమా బండి పోయిందా?" అంటే, "పోలే, ఉరకకు, జారి పడతవ్" అనేది.

రెబెక్కా అట్లా పరిచయమైన మనిషే. మాదాపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తెనాలి వైపు వాళ్ళు. తండ్రి మోషే దర్జీ. తల్లి లేదు. ఇద్దరూ చందానగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళు. ఇంటి ముందు గదిలోనే ఆయన కుట్టు మిషన్. ఒకరోజు ప్లాట్‌ఫారం ఊడుస్తుంటే నీలమ్మ కాల్లో సీసా పెంకు దిగింది. బండి దిగిన రెబెక్కా అది చూసి, అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి పెంకు తీసి కట్టు కట్టింది. మర్నాడు తన ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించింది. ఆ రోజు నుంచి నీలమ్మ ఆమెను సిస్టరమ్మా అంటే, ఆమె నీలమ్మను నీలమ్మక్కా అనేది. రోజూ బండి వచ్చేలోపు నాలుగు మాటలు. అంత స్నేహం.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. బస్తీలో ఏ ఇంట చూసినా తెలంగాణ మాటే. నీలమ్మకు కూడా తెలంగాణ రావాలనే ఉండేది. ఆమె లెక్క చిన్నది. రాష్ట్రం వస్తే జ్యోతికి సర్కారు కొలువు దొరుకుతుంది, తన కాంట్రాక్టు పని పక్కా అవుతుంది. అంతకన్నా లోపలి కారణం ఇంకోటి ఉంది. ఆమె నోరు తెరిచి రెండు మాటలు అంటే, ఆ యాస విని నవ్విన వాళ్ళను ఇన్నేళ్ళలో చాలామందిని చూసింది.

బస్తీకి పెద్దదిక్కు ఈశ్వరయ్య. స్టేషన్ ముందు ఆటో నడిపేవాడు. ఒక సాయంత్రం ఆయన అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"పెద్దోళ్ళు పెట్టే రైల్ రోకో పెట్టనీ. మన బస్తీ తరఫున మనం రేపు పొద్దుగాల పట్టాల మీద కూసుందం. ఆడనే వంటావార్పు. ఎవ్వరికీ చెప్పద్దు. పోయినసారి ఎవరో నోరు జారితె పోలీసులు కూసోకముందే ఎత్తుకపోయిండ్రు. ఇంట్ల పిల్లలకు గూడ చెప్పద్దు."

అందరూ సరేనన్నారు. నీలమ్మ కూడా సరేనంది.

అక్కడి నుంచి లేచి సాయంత్రం ఊడ్పుకు స్టేషన్‌కు వచ్చేసరికి రెబెక్కా ప్లాట్‌ఫారం మీద ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"నాన్నగారికి కంట్లో నల్లతెర దిగుతోందంట నీలమ్మక్కా. కుడికన్ను. చందానగర్‌లో కంటి డాక్టరుకు చూపించుకున్నారంట, ఇప్పుడే ఫోన్ చేశారు. లోపలి పొర ఊడిపోతోంది, ఇంకా నడిమధ్యకు రాలేదు, రేపు పొద్దున్నే పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. కుదుపు తగలకూడదంట, తల వంచకూడదంట."

"ఎడమ కన్ను మంచిగనే ఉన్నదా?"

"ఆ కన్నుకు చిన్నప్పుడే చూపు పోయింది. మసగ్గా నీడలు కనబడతాయంతే. పనంతా ఈ కంటితోనే." రెబెక్కా గొంతు తగ్గించింది. "మా చర్చిలో కిరణ్ పాల్ అన్నయ్య కారులో తీసుకెళ్తానన్నాడు. కానీ రోడ్లన్నీ తవ్వి పడేశారు, గుంతలు. రైలైతే కుదుపుండదు. రేపు పొద్దున మొదటి బండి నడుస్తుందా? నువ్వు ఇక్కడే ఉంటావు కదా, నీకు తెలుస్తుంది. నడవదంటే కారే చెప్తాను."

నీలమ్మ చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. పోలీసుల మాట గుర్తొచ్చింది. ఈశ్వరయ్య మాట గుర్తొచ్చింది. తెల్లారి ఎవరైనా వచ్చి ఎవరు చెప్పారని బస్తీని నిలదీస్తే ఏం చెప్పాలన్న భయమూ వచ్చింది.

"నడుస్తది సిస్టరమ్మా," అంది.

రెబెక్కా ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి, వచ్చిన బండెక్కి వెళ్ళిపోయింది.

కార్లో పో అని ఉంటే సరిపోయేది. ఎందుకని చెప్పక్కర్లేదు, ఎవరి గుట్టూ బయటపడదు. ఆ చిన్నమాట ఆ వేళ నీలమ్మకు తట్టలేదు. తట్టింది మర్నాడు, పట్టాల మీద కూర్చున్నాక.

వాళ్ళు కూర్చున్నది ప్లాట్‌ఫారం దాటాక, హఫీజ్‌పేట వైపు లైను వంపు తిరిగే చోట. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారు. డప్పు మోగుతోంది. లింగంపల్లి నుంచి వచ్చిన మొదటి బండి కూత మీద కూత వేసి, మెల్లగా ముందుకొచ్చి ఆగింది. కుర్రకారు బ్యాగులు వీపున తగిలించుకుని దభాదభా కిందికి దూకి కంకర మీదుగా స్టేషన్ వైపు నడిచిపోయారు. కాసేపటికి పెట్టెలు ఖాళీ అయ్యాయి.

ఉప్మా కలుపుతున్న నీలమ్మ తలెత్తి చూస్తే రెండో పెట్టె తలుపు దగ్గర తెల్ల చీరలో రెబెక్కా నిలబడి ఉంది. కిందికి చూస్తోంది. ప్లాట్‌ఫారం లేని చోట తలుపుకూ నేలకూ నిలువెత్తు తేడా. కింద జారే కంకర. తల కదలకూడని మనిషిని దింపాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. పది నిమిషాల్లో బండి కదులుతుందనుకుని ఆగినట్టుంది. ఈలోగా సాయం పట్టేవాళ్ళంతా దిగిపోయారు.

"ఎవరైనా ఇద్దరు రండి! మా నాన్నగారిని దింపాలి!" రెబెక్కా అరిచింది.

డప్పుల మోతలో ఆ మాట ఎవరికీ అందలేదు. నీలమ్మకు అందింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని పొయ్యి మీదికి వంగింది.

ఈశ్వరయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. "ఆ డోరు కాడ ఎవరో పిలుస్తున్నరు. ఏమంటున్నది ఆమె?"

నీలమ్మ ఒక్కసారి గరిటె ఆపింది. లేచి పోతే రెబెక్కా తనను చూస్తుంది. నడుస్తదన్న మనిషే బండికి అడ్డం కూర్చుందని తెలిసిపోతుంది.

"బండి ఎప్పుడు కదుల్తదని అడుగుతున్నది," అంది.

"జర ఓపిక పట్టండమ్మా! పోతది!" ఈశ్వరయ్య చెయ్యెత్తి కేకేసి, మళ్ళీ డప్పు వాళ్ళ వైపు తిరిగాడు.

ఎండ ముదిరింది. పెట్టెలు కాలుతున్నాయి. రెబెక్కా కలవని ఫోన్ చూసుకుంటూ తలుపు దగ్గరికి వస్తోంది, లోపలికి పోతోంది. నీలమ్మ అందరికీ ఉప్మా పెట్టింది. డ్రైవరుకు, గార్డుకు కూడా పంపించింది. రెండో పెట్టె వైపు మాత్రం పోలేదు. తన వంతు ఉప్మా ఆకులోనే వదిలేసింది. చివరికి ఆఫీసర్లు వచ్చి బతిమాలి, పోలీసులు వచ్చి బెదిరించి, అందరినీ లేపేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. బండి ముందుకు పోతుంటే నీలమ్మ గుండు చాటున నిలబడింది.

ఆ తర్వాత చాలారోజులు రెబెక్కా కనిపించలేదు. ప్రతి బండికీ నీలమ్మ ఆడవాళ్ళ పెట్టె వైపు చూసేది. రాకపోతే భయం, వస్తుందేమోనని ఇంకో భయం. ఒక సాయంత్రం వచ్చింది. ఎప్పటిలాగే పక్కన కూర్చుంది.

"ఆపరేషన్ చేశారు నీలమ్మక్కా. మేం వెళ్ళేసరికే పొర నడిమధ్యదాకా ఊడిపోయిందన్నారు. ఇప్పుడు మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, మొహం తెలీదు. సూదిలో దారం సంగతి ఇక లేదు." బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. "పొద్దున్నే తీసుకొస్తే నిలిచేదా అని అడిగాను. చెప్పలేమన్నారు. నిలిచినా నిలిచేదేమో అన్నారు. కారు అనాల్సింది. నేనే రైలన్నాను."

నీలమ్మ నోరు తెరిచింది. రెబెక్కా ఆమె భుజం తట్టింది. "నువ్వేం చేస్తావు పాపం. ఆ గొడవ చేస్తారని నీకు మాత్రం ఏం తెలుసు?"

నీలమ్మ చీపురు తీసుకుని లేచింది.

ఆమెకు ఇక ఇల్లు పట్టలేదు. నేరుగా ఈశ్వరయ్య దగ్గరికి పోయింది. రెబెక్కా ఏమని పిలిచిందో, తను ఏం చెప్పిందో మొత్తం చెప్పింది. మనం కొట్లాడుతున్నం గద, గిసొంటివి అయితయి అని ఆయన అంటాడని ఆశపడింది. నేరం తనొక్కదానిది కాకుండా అందరిదీ అయిపోతుందని.

ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు. "అట్లనా చెప్పింది ఆమె? మరి నాకెందుకు చెప్పలే? నేనే ఎత్తుకొచ్చి నా ఆటోల దవాఖానకు తోల్కపోదును గద! ఆడ నాలుగు ఆటోలు ఊకెనే ఉండె. మనం కూసున్నది ముసలాయన కండ్లు పోగొట్టనీకా?"

"భయమయ్యిందన్నా."

"ఎవరికి భయపడ్డవు? నాకా?"

నీలమ్మ ఈశ్వరయ్యకు భయపడలేదు, బస్తీకి భయపడలేదు. తన అబద్ధం దొరికిపోతుందని భయపడింది. ఆ మాట ఆయన ముందు కూడా అనలేక ఇంటికి వచ్చి, జ్యోతి ఎంత అడిగినా చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

వచ్చిన సెలవు దినాన చందానగర్ బండెక్కింది. మోషే మిషన్ ముందు ఉత్తినే కూర్చుని ఉన్నాడు. కొలతలు తీసి కత్తిరించే పని పోయింది కానీ, చేతులకు అలవాటైన నేర్పు పోలేదు. లంగాలు, దిండు గలీబులు, తిన్నని కుట్లయితే వేలితో తడుముకుంటూ పోతాడు. దారం ఎక్కించడానికి, తెగితే పట్టుకోవడానికి మనిషి కావాలి.

"నేను ఎక్కిస్త పెద్దయ్యా. నాకు గుండీలు, హుక్కులు కుట్టనీకి గూడ వస్తది," అంది నీలమ్మ.

"నీకెందుకమ్మా శ్రమ? వారానికి ఒక్కరోజు సెలవు."

"ఇంట్ల ఏం పని లేదు."

అట్లా మొదలై రెండేళ్ళు దాటిపోయింది. ఆయన తొక్కుతాడు, ఆమె దారం ఎక్కిస్తుంది. ఆయన తెనాలి సినిమా హాళ్ళ కబుర్లు చెబుతాడు. రెబెక్కా ఇంట్లో ఉంటే చేపల పులుసు వండి, కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తుంది. "సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదు" అని ఇరుగుపొరుగుతో మోషే అంటుంటే నీలమ్మ గబగబా ఇంకో గుండీ అందుకునేది. వాళ్ళు ఎంత మంచిగా చూస్తే అంత దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. చెప్పేద్దామని ప్రతిసారీ బయలుదేరేది. చెప్పకుండానే తిరిగొచ్చేది. ఆ తర్వాత జరిగిన పెద్ద రైల్ రోకోకు పోలేదు. కాలు నొప్పి అంది. తెలంగాణ రావాలన్న కోరిక మాత్రం తగ్గలేదు. అది తగ్గకపోవడం కూడా తప్పేనేమోనని ఒక్కోసారి అనిపించేది.

2014 ఫిబ్రవరిలో బిల్లు పాసైందని తెలిసిన సాయంత్రం స్టేషనంతా గులాల్. ప్లాట్‌ఫారం గులాబీ రంగుకు తిరిగింది. ఈశ్వరయ్య అందరి నోట్లోనూ లడ్డూలు కుక్కుతున్నాడు. జ్యోతి తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పింది. నీలమ్మ నిజంగానే సంతోషపడింది, ఏడ్చింది కూడా. అప్పుడే రెబెక్కా షేర్ ఆటో దిగి, ఇంటికి పోయే బండి కోసం వచ్చింది. ఆ రంగుల్లో, కేకల్లో ఏం చెయ్యాలో తెలియనట్టు మెట్ల దగ్గరే ఆగిపోయింది. నీలమ్మను చూసి దగ్గరికొచ్చింది.

"నువ్వు కోరుకుంది వచ్చింది కదా నీలమ్మక్కా. సంతోషం," అని తనే చెయ్యి చాపి లడ్డూ తీసుకుంది.

నీలమ్మకు ఇక ఆగలేదు.

"సిస్టరమ్మా, బండి ఆపుతరని నాకు ముందుగాలనే ఎరుక. పట్టాల మీద నేను గూడ కూసున్న."

రెబెక్కా చేతిలో లడ్డూ అట్లాగే ఉంది.

"నేను పిలిచింది విన్నావా?"

"విన్న."

"నాన్నగారిని దింపమన్నాను. అది విన్నావా?"

"విన్న. ఏమంటున్నదని ఈశ్వరన్న అడిగితె అబద్ధం చెప్పిన."

బండి వచ్చింది. రెబెక్కా ఎక్కి, తలుపు దగ్గర నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ప్లాట్‌ఫారం కడగడానికి నీలమ్మకు చాలాసేపు పట్టింది. గులాల్ రాళ్ళ సందుల్లోకి దిగిపోయింది.

మర్నాటి నుంచి రెబెక్కా ప్లాట్‌ఫారం అవతలి చివర దిగి, వేరే మెట్ల మీదుగా పోయేది. నీలమ్మ చందానగర్ పోవడం మానేసింది. ఒకరోజు మోషే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, రావట్లేదేంటి? గలీబులన్నీ గుండీల్లేకుండా పడున్నాయి."

కూతురు తండ్రికి ఏమీ చెప్పలేదని నీలమ్మకు అర్థమైంది. ఆ ఆదివారం రెబెక్కా డ్యూటీలో ఉన్న వేళ చూసుకుని పోయింది. గుమ్మంలోనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. మిషన్ ఆగింది.

"రెండేళ్ళు నా పక్కన కూర్చుని దారం ఎక్కించావు. అప్పుడెప్పుడూ చెప్పబుద్ధి కాలేదా?"

"భయమయ్యింది పెద్దయ్యా."

"నేను దూకేస్తానన్నాను ఆ రోజు. పిల్ల నా చొక్కా పట్టుకుని ఆపింది. దూకనిచ్చి ఉంటేనో అని అదిప్పటికీ కుమిలిపోతుంది." ఆయన కళ్ళజోడు తీసి, వేళ్ళతో కళ్ళు అద్దుకున్నాడు. "తెర ముందురోజు పొద్దున్నే కనబడింది నాకు. పెళ్ళివారి జాకెట్లు ఇవ్వాలని సాయంత్రందాకా డాక్టరు దగ్గరికి పోలేదు. అది దానికి నేను చెప్పలేదు."

నీలమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"క్షమించానని చెప్పమంటే చెప్తానమ్మా. దేవుడు చెప్పమనే అంటాడు. కానీ పొద్దున్నే కళ్ళు తెరిచి, ఏదీ సరిగ్గా కనబడక ఒక్కోరోజు ఒళ్ళు మండిపోద్ది. ఆ రోజున నేన్నీకిచ్చిన మాట ఉత్తదైపోద్ది. అందుకని చెప్పను. నీది నువ్వు మొయ్యి, నాది నేను మోస్తాను." సూది దగ్గర తడుముకుని దారం కొస ఆమె వైపు చాపాడు. "పని మాత్రం ఆగకూడదు. ఎక్కించు."

ఆమె ఎక్కించింది. తన ఆలస్యం సంగతి ఆయన కూతురికి ఎప్పుడైనా చెప్పాడో లేదో నీలమ్మ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

రెబెక్కా ఆమెను రావద్దనలేదు. ఇంట్లో ఎదురైతే తలుపు తీసేది, మంచినీళ్ళు ఇచ్చేది. చేపల పులుసు మళ్ళీ ఎప్పుడూ కొసరి వడ్డించలేదు. స్టేషన్‌లో బండి ఎప్పుడొస్తుందని అడగాల్సి వస్తే మైకు కోసం ఆగేది. నీలమ్మను అడిగేది కాదు. ఊడ్చే పని కాంట్రాక్టుగానే ఉండిపోయింది. జ్యోతికి ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ పని దొరికింది. కొన్నేళ్ళకు మెట్రో వంతెన లేచి, అటువైపు కొత్త స్టేషన్ తెరిచారు. జనం కొందరు దాని వైపు మళ్ళారు. మోకాళ్ళు పట్టేయడంతో నీలమ్మ పని మానేసింది. చందానగర్ పోవడం మాత్రం మానలేదు.

మోషే ఒక వేసవిలో నిద్రలోనే పోయాడు. సమాధుల తోటలో చర్చివాళ్ళు పాట పాడుతుంటే నీలమ్మ వెనకాల, గోడ దగ్గర నిలబడింది. అందరూ మట్టి వేశాక రెబెక్కా ఆమెను చూసి, ముందుకు రమ్మని చెయ్యి ఊపింది. నీలమ్మ పోయి పిడికెడు మట్టి వేసింది.

తెనాలి నుంచి వచ్చిన మేనత్త ఎవరమ్మా ఈవిడ అని అడిగింది.

"నీలమ్మ గారు. నాన్నకు గుండీలు కుట్టిపెట్టేవారు," అంది రెబెక్కా.

స్నేహితురాలని అనలేదు. ఇంకేమీ కూడా అనలేదు. ఇంటికి పోయే బండిలో కిటికీ పక్కన కూర్చున్న నీలమ్మకు ఆ మాట సరిగ్గానే ఉందనిపించింది. అంతకన్నా మంచి మాట అని ఉంటే మోయలేకపోయేది.